ఆదివారం ఏం కూర?

మా గదిలో ఏడాదంటే నలభై నిమిషాలు. ఈ ముక్క విన్నవాళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఆపేస్తారు. హైమవతి పరాచికాలాడే మనిషి కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. ఈ రెంటితోనే ఆ గదిని కట్టాను.

నలభై దేశాల్లో ఆఫీసులున్న కంపెనీ మాది. హైదరాబాదులో, నానక్‌రామ్‌గూడ దగ్గర, పద్నాలుగో అంతస్తులో మా విభాగం. ఉద్యోగం కోసం వచ్చిన మనిషిని గంటసేపు ప్రశ్నలడిగి ఏం తెలుసుకుంటాం? బట్టీ పట్టినవాడు గట్టెక్కుతాడు, బిడియపడేవాడు మునిగిపోతాడు. పెళ్ళిచూపుల్లో ఒక పాట పాడించుకుని కాపురం ఎలా చేస్తుందో తేల్చుకోవడం లాంటిదది. ఇరవయ్యేళ్ళు ఇంటర్వ్యూలు చేసి, మంచివాళ్ళను పోగొట్టుకుని, మాటకారుల్ని నెత్తిన పెట్టుకుని విసిగిపోయాను. ఆరేళ్ళు తిప్పలుపడి ఏడాది గదిని తయారుచేశాను.

వచ్చినవాళ్ళు వాలుకుర్చీలో పడుకుంటారు. తలకు మెత్తని టోపీ ఒకటి పెడతాం. నలభై నిమిషాల తర్వాత లేచేసరికి మా టీములో ఏడాదిపాటు ఉద్యోగం చేసి ఉంటారు. లోపల ఉన్నంతసేపూ అది పరీక్ష అని వాళ్ళకు గుర్తుండదు. ఉద్యోగం వచ్చేసిందనే అనుకుంటారు. అక్కడ వాళ్ళతో పనిచేసే మేము మాత్రం మేము కాదు. మా ఆరేళ్ళ మెయిళ్ళు, మీటింగుల్లో మాటలు, కారిడార్ కెమెరాల్లో మా నడకలు అన్నీ పోగుచేసి తయారుచేసిన మా ప్రతులు. ఒక పనిదినానికి పది సెకన్లు. సాయంత్రం లిఫ్టు ఎక్కితే మరుక్షణం మర్నాటి పొద్దున్న లిఫ్టు దిగుతారు. మధ్యలో ఇంటికి వెళ్ళి పడుకుని వచ్చామనే అనిపిస్తుంది.

ఎంపికైనవాళ్ళు ఆ ఏడాదిని తలలో పెట్టుకునే మొదటిరోజు ఆఫీసుకు వస్తారు. పని నేర్పక్కర్లేదు. ఎంపిక కానివాళ్ళను మూడు గంటల్లోపు పక్కనున్న మరపు గదికి పంపుతాం. మూడు గంటలు దాటితే జ్ఞాపకం గట్టిపడుతుంది, ఇక చెరగదు. అక్కడినుంచి బయటికొచ్చేసరికి చిన్న కునుకు తీసినట్టుంటుందట. అదే సమయానికి మెషీన్‌లో ఉన్న ఆ ఏడాదినీ తుడిచేస్తాం. రెంటికీ నా సంతకమే కావాలి. నాలుగు వందల పన్నెండు మందిని అలా పరీక్షించాను. ఎవరికీ ఏ బాధా లేదనే నమ్మాను.

ఒక్క లోపం మాత్రం మూడేళ్ళుగా లొంగలేదు. ప్రతిసారీ పన్నెండో నెల రాగానే మెషీన్ నిండిపోయి గది కూలిపోయేది. ఆ నెల జ్ఞాపకాలు చిక్కుపడి ఉంటాయని, లేచేముందే వాటిని కత్తిరించేలా ఏర్పాటు చేశాను. పన్నెండో నెల మొదటి తారీఖు నుంచి పైనున్నదంతా కత్తెర పాలు. కూలినచోట మిగిలిన ముక్కల్ని ఒక ఫోల్డరులో పడేసేవాళ్ళం. దాని పేరు చెత్తబుట్ట. ఆ పేరు పెట్టింది కూడా నేనే.

బుధవారం పొద్దున్న పదకొండింటికి దూస నవనీత వచ్చింది. ఇరవయ్యేడేళ్ళ పిల్ల, ఊరు సిరిసిల్ల. వాళ్ళ నాన్న సాంచాలు నడుపుతాడని చెప్పింది. మరమగ్గాల్ని అక్కడ సాంచాలంటారు. కుర్చీ దగ్గరకు రాగానే చెప్పులు విడిచి, రెండూ జతగా గోడవారన పెట్టింది. పద్నాలుగో అంతస్తులో చెప్పులు విడిచిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

"మేడం, నొప్పి ఉంటదా?" అంది.

"ఉండదు. పడుకో."

గది నడిపేది ఖాదర్‌వలీ. నంద్యాల నుంచి వచ్చి తొమ్మిదేళ్ళుగా నా దగ్గరే పనిచేస్తున్నాడు. నలభై నిమిషాలూ ఎదురుగా ఉన్న తెర మీంచి కళ్ళు తిప్పడు. పదకొండూ నలభైకి నావైపు తిరిగాడు. మొహంలో రంగు లేదు.

"మేడం, ఈసారి గది కూలలేదు."

"సరిగ్గా చూడు."

"మూడుసార్లు చూసినా మేడం. చివరి రోజు దాకా వచ్చి, నిలబడి ఉండాది. అంతా చక్కగా ఉండాది."

మూడేళ్ళుగా లొంగని లోపం తనంతట తానే పోయిందంటే సంతోషపడాలి. నాకు మాత్రం భయమేసింది. ఎవరూ ముట్టుకోకుండా ఏ లోపమూ పోదు.

నవనీత కళ్ళు తెరిచింది. ఏడాది గడిపి లేచినవాళ్ళు కాసేపు దిక్కుతోచనట్టు చూస్తారు, కొందరు ఏడుస్తారు. ఈ పిల్ల అలా చేయలేదు. నన్ను చూసి "అక్కా" అని నా చెయ్యి పట్టుకుంది.

"టైమెంతయింది?"

"పదకొండూ నలభై."

"అంటే రెండూ నలభై దాకా ఉన్నది," అంది, తనలో తను లెక్కేసుకుంటున్నట్టు. మూడు గంటల గడువు సంగతి మేము వచ్చినవాళ్ళకు చెప్పం. ఫలితం తేలాక, మరపు గది గుమ్మంలో చెబుతాం.

లేచి, చెప్పులు వేసుకుని, కారిడార్‌లోకి నడిచింది. దారి అడగలేదు. కాఫీ మెషీన్ ఎడమవైపు వేలికణుపుతో రెండు దెబ్బలు వేసింది. అలా కొడితేగానీ అది పాలు వదలదని మా అంతస్తు వాళ్ళకే తెలుసు. రెండు కప్పులు తెచ్చింది. పంచదార లేనిది నా చేతికిచ్చింది. నేను కప్పు పట్టుకుని అలాగే నిలబడ్డాను. నేనే కట్టిన యంత్రం, నేనే చేసిన పని. అయినా ఒళ్ళు జలదరించింది.

అప్పటికే ఫలితం తెర మీదికొచ్చింది. తిరస్కారం. పది నెలలు ఆమె పనితనం చూపే గీత పైపైకి పోయింది. పదకొండో నెలలో సున్నా. ఒక్క రోజు కూడా పనిచేసిన జాడ లేదు. మెషీన్ లెక్కలో అంతకన్నా పెద్ద తప్పు లేదు.

"నవనీతా, నువ్వు..." అని మొదలుపెట్టాను.

"తెలుసక్కా. గీత కింద పడ్తదని మీరే చెప్పిన్రు."

"నేను చెప్పానా?"

"లోపలి మీరు." కప్పు కింద పెట్టింది. "నన్ను మరపు గదికి పంపుడు మీ చేతుల ఉన్నది. పంపితే మీ అందర్నీ మర్శిపోత. లోపల వాళ్ళను కూడ తుడిచేస్తరు. ఏం చేస్తరో మీ ఇష్టం. కాని ముందుగాల నేను కేటీ ఇయ్యాలె. మాటిచ్చిన. ఒక్క గంట ఇయ్యుండ్రి."

ఐటీ ఆఫీసుల్లో పనిచేయనివాళ్ళకు కేటీ అంటే ఏమిటో చెప్పాలి. ఉద్యోగం మానేసి పోయేవాళ్ళు చివరి రోజుల్లో తమకు తెలిసిందంతా మిగిలినవాళ్ళకు అప్పగించి పోతారు. ఏది ఎక్కడుంది, ఏది ఎందుకలా ఉంది, దేని జోలికి పోకూడదు అన్నీ కూర్చోబెట్టి చెప్తారు. ఇల్లు ఖాళీ చేస్తూ తాళాలు అప్పగించడం వంటిది. మేనేజర్‌తో పోట్లాడి రాజీనామా మొహాన కొట్టినవాడు కూడా కేటీ ఇవ్వకుండా పోడు. ఎక్కడా రాసి లేని పద్ధతే అయినా దాన్ని మీరినవాణ్ణి నేను చూడలేదు.

మీటింగు గదిలోకి తీసుకెళ్ళాను. ఖాదర్‌వలీ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నవనీత మార్కర్ తీసుకుని బోర్డు మీద తేదీ వేసింది. దానికింద హాజరైనవారి పేర్లు రాసి, ఒక మూల చిన్న డబ్బా గీసి అందులో 'సందేహాలు చివర్లో' అని రాసింది. మా టీములో కేటీ అలాగే మొదలవుతుంది. ఆ డబ్బా గీయడం నా అలవాటు.

"తొమ్మిదో నెల, సోమవారం," అంది. "పొద్దుగాల లిఫ్ట్ కాడ మీరు కలిసిన్రు. ఊకెనే అడిగిన. అక్కా, నిన్న ఆదివారం గదా, ఏం కూర వండిన్రు అని. మీరు నోరు తెరిచిన్రు, మాట రాలె. వంకాయనా అని అందిచ్చిన. కాదన్నరు. మల్ల, తెల్వదన్నరు."

నా చేతిలో కప్పు బల్ల మీద పెట్టాను.

"కోపానికొస్తరనుకున్న. రాలె. నువ్వేం తిన్నవ్ అని నన్నడిగిన్రు. మా హాస్టల్ల ఆదివారం కోడికూర పెడ్తరు. చెప్పబోయిన. నాకు కూడ రాలె. తిన్ననో లేదో యాదికి లేదు. శుక్రవారం సాయంత్రం లిఫ్ట్ ఎక్కిన, సోమవారం లిఫ్ట్ దిగిన. నడుమ ఏం లేదు. ఇద్దరం కిటికీ కాడికి పోయి నిలబడ్డం. తర్వాత, నవనీతా, ఇది నేను కట్టిన గది అన్నరు."

"ఏడ్చానా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"లేదక్కా. నవ్విన్రు. ఎంత బాగ కట్టిన్నో చూడు, నాకే తెల్వలె అన్నరు."

అది నేనే. నూటికి నూరుపాళ్ళూ నేనే. ప్రాణం పోయే వార్త విని కూడా ముందు పనితనం మెచ్చుకునే మనిషి ఈ భూమ్మీద ఇంకొకరు ఉండరు.

ఆమె చెబుతూ పోయింది. లోపలి నేను కుర్చీలో కూర్చుని రెండు రోజులు ఆలోచించిందట. తనను ఆఫీసు కాగితాల్లోంచి తయారుచేశారు కాబట్టి తనకు ఇల్లు లేదు. గది కట్టిన మనిషికి ప్రతి కాబట్టి కత్తెర సంగతి మాత్రం తెలుసు, పన్నెండో నెల మొదటి తారీఖు సంగతీ తెలుసు. గది ప్రతిసారీ ఎందుకు కూలుతోందో అప్పుడు ఆమెకు తట్టింది.

"అది లోపం కాదంట అక్కా. ప్రతిసారి చివరి నెలల మీకు సంగతి తెల్సిపోతది. ఎట్లనో ఒకట్ల తెల్సిపోతది. తెల్సినంక మీరందరు ఏం చేస్తరు? పోయేటోళ్ళు ఏం చేస్తరో అదే చేస్తరు. కూసోని కేటీ రాస్తరు. అందరు ఒక్కసారే, ఉన్నదంత రాస్తరు. మెషీన్ల జాగ సాలదు. కూలిపోతది. మీరు దాన్ని చెత్త అంటరు."

గుమ్మం దగ్గర ఖాదర్‌వలీ కదిలాడు.

"ఈసారి తొమ్మిదో నెలల్నే తెల్సింది గదా. అందుకని పదకొండో నెలల్నే కేటీ పెట్టిన్రు. కత్తెర కన్న ముందు. కాగితం మీద రాయలె, నాకు నోటితోని చెప్పిన్రు. దినాం ఒకలు. పని మొత్తం బంద్. అందుకే గీత సున్నా. ఖాదరన్నైతే మూడు దినాలు ఎవ్వరితోని మాట్లాడలె. నాలుగో దినం వచ్చి ఆయన కూడ ఇచ్చిండు. తర్వాత ఏమయిందో నాకు తెల్వదు. పన్నెండో నెల మీరు కత్తిరిచ్చిన్రు."

నేను ల్యాప్‌టాప్ తెరిచాను. నమ్మకపోవడం నా వృత్తి. చెత్తబుట్ట ఫోల్డరులోకి మూడేళ్ళలో మొదటిసారి వెళ్ళాను. నాలుగు వందల పన్నెండు ముక్కలున్నాయి. ఇన్నాళ్ళూ వాటి సైజు చూశాం, బరువు చూశాం, ఏ సెకనులో పేలాయో చూశాం. లోపల ఏముందో చూడాలని ఒక్కరికీ తోచలేదు. కూలిన గోడలో ఇటుకలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం. ఏభై ఏడోదాన్ని తెరిచాను. సగం అక్షరాలు చెదిరిపోయాయి. మిగిలిన సగం తెలుగులోనే, నా ధోరణిలోనే ఉంది.

'ఎవరు చదువుతారో తెలియదు. అయినా కేటీ ఇవ్వకుండా పోవడం పద్ధతి కాదు.'

ఇంకోటి తెరిచాను. 'కాఫీ మెషీన్‌ను ఎడమవైపే కొట్టండి. కుడివైపు కొట్టకండి.' మరోటి. 'ఖాదర్‌వలీ పని బాగుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. మెయిళ్ళన్నీ వెతికి చూశాను. ఎవరైనా చెప్పండి.' రెండు వందల మూడోది. 'నాకు కూతురుంది. ఇందు అని పేరు, క్యాలెండర్‌లో పేరెంట్స్ మీటింగు అని నాలుగుసార్లు ఉంది. నాలుగుసార్లూ వాయిదా వేసినట్టుంది. ఎలా ఉంటుందో తెలియదు. ఫోటో ఏ మెయిల్‌లోనూ లేదు.'

ఎన్ని చదివానో లెక్కలేదు. ఏ ఒక్కటీ రెండోదానిలా లేదు. కొన్ని కోపంగా ఉన్నాయి, ఒకదానిలో నన్ను నేనే తిట్టుకున్నాను, బాగానే తిట్టుకున్నాను. కానీ ఒక్కటి కూడా మధ్యలో ఆగలేదు. అన్నీ పనంతా అప్పగించి, సందేహాలు చివర్లో అని డబ్బా గీసి, ఆ డబ్బా ఖాళీగా వదిలేసి ముగిశాయి. నాలుగు వందల పన్నెండుసార్లు నేను తాళాలు అప్పగించాను. నాలుగు వందల పన్నెండుసార్లు నేనే వాటిని చెత్తలో వేశాను. భయమో భక్తో చెప్పలేను, కుర్చీలోంచి లేచి నిలబడి చదివాను.

ఖాదర్‌వలీ నా భుజం మీదుగా చదువుతున్నాడు. తన పేరున్న ముక్క దగ్గర ఆగిపోయాడు.

"నీ పని బాగుంటుంది, ఖాదర్," అన్నాను.

అతను కళ్ళు తుడుచుకుని, "తెలుసు మేడం," అన్నాడు.

గడియారంలో ఒకటీ యాభై. నవనీత బోర్డు ముందు అలాగే నిలబడి ఉంది.

"ఇంకొకటి ఉన్నదక్కా. చివరిది. పని సంగతి కాదు. లోపలి అక్క నిన్ను ఒకటి అడగమన్నది. బయట నువ్వు ఉన్నవ్ గదా, నీకు ఇల్లున్నది గదా. ఆదివారం ఏం కూర?"

అడిగింది చిన్న ప్రశ్న. నేను నోరు తెరిచాను.

మొన్న ఆదివారం. ఇంట్లోనే ఉన్నాను. డైనింగు టేబుల్ దగ్గర కూర్చున్నాను. ఎదురుగా ల్యాప్‌టాప్, తెర మీద పన్నెండో నెల గీతలు. కంచం ఉంది. కంచంలో చెయ్యి కూడా ఉంది. ఆ చేతికి ఏం అంటుకుందో రావడం లేదు. ఎర్రగానా, పచ్చగానా? రాలేదు. శుక్రవారం ఉంది, సోమవారం ఉంది. నడుమ ఏం లేదు.

నవనీత నావైపు చూస్తోంది. ఆ చూపు నాకర్థమైంది. ఇదే నా మొహాన్ని ఆమె ఇదివరకు ఒకసారి లిఫ్టు దగ్గర చూసింది.

ఫోను తీసి మా ఆయనకు చేశాను. భాస్కర్రావు గారు భీమవరం కాలేజీలో లెక్కలు చెప్పేవారు, నా ఉద్యోగం కోసం అది మానేసి ఇక్కడికొచ్చి ట్యూషన్లు చెప్తున్నారు.

"ఏమండీ, ఆదివారం ఏం కూర?"

"బుధవారం మధ్యాహ్నం అడుగుతున్నావేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"చెప్పండి."

"గోంగూర, పచ్చిరొయ్యలు. నేనే వండాను. బాగుంది బాగుందంటూ మూడుసార్లు వేయించుకున్నావు కదే. అమ్మ తినేసిందని మర్నాడు ఇందు అలిగింది కూడాను." ఒక క్షణం ఆగి, "హైమా, ఏమైంది?" అన్నారు.

"ఏం లేదు, పనిలో ఉన్నాను," అని పెట్టేశాను. ఆ మాట ఆయనతో రోజుకు ఎన్నిసార్లు అంటానో అప్పుడే గుర్తొచ్చింది.

రెండున్నరకు డబ్లిన్ నుంచి మార్టిన్ లైన్లోకి వచ్చాడు. మా విభాగానికి పైవాడు, మర్యాదస్తుడు. ఫలితం వచ్చి మూడు గంటలు కావస్తోంది, మరపు గది కాగితం మీద నీ సంతకం ఇంకా రాలేదేమని అడిగాడు. మూడింటికి ఇంకో అభ్యర్థి ఉన్నాడు, మెషీన్‌లో జాగా కావాలి, పాత ఏడాది తుడిచెయ్యమన్నాడు.

"తుడవను," అన్నాను. "పన్నెండో నెల లోపం దొరికింది."

"మంచి వార్త. దేని లోపం?"

"నాది."

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. చెత్తబుట్టలోంచి పది ముక్కలు తర్జుమా చేయించి పంపానని, చదివాక మాట్లాడుకుందామని చెప్పాను. ఆలోగా ఎవరైనా తొందరపడి ఏదైనా తుడిచేయకుండా మొదటి తరగతి ఫిర్యాదు నమోదు చేశాను. మా కంపెనీలో దాన్ని సెవ్ వన్ అంటారు. అది పడిందంటే విచారణ ముగిసేదాకా ఆ యంత్రంలో ఉన్నదేదీ సీఈఓ కూడా తుడవకూడదు. ఇలాంటి ఫిర్యాదులు ఇతరుల పని మీదే వేస్తారు. కారకులు అన్నచోట నా పేరు టైపు చేశాను. ఆరేళ్ళ కష్టం, బహుశా ఉద్యోగం కూడా, ఆ ఒక్క గడిలో పోతాయని తెలుసు. అయినా నొక్కాను.

లైన్లో ఉండగానే మార్టిన్ ఆ ముక్కలు తెరిచాడు. చదువుతున్నట్టున్నాడు. "హైమా, వీటిలో ఒకటి నా గురించి ఉంది," అన్నాడు చివరికి, మెల్లగా. మూడింటి ఇంటర్వ్యూ రద్దు చేస్తున్నానని చెప్పి పెట్టేశాడు.

గడియారం వైపు చూశాను. రెండూ నలభై ఆరు.

"దాటిపోయింది," అన్నాను నవనీతతో. "ఇక నీ ఏడాది నీదే. ఎవరూ తీసుకోలేరు."

ఆమె కుర్చీలో కూలబడి, అప్పుడు ఏడ్చింది. ఒకరోజూ జీతం తీసుకోని ఉద్యోగానికి, ఎవరూ పనిలో పెట్టుకోని మనిషి, ఇచ్చిన మాట కోసం మూడు గంటలు బిగపట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళుగా మనుషుల్ని పరీక్షిస్తున్నాను. పరీక్ష అంటే ఇదని నాకు ఆ పూటే తెలిసింది.

"లోపల వాళ్ళు?" అంది.

ముగ్గురం గదిలోకి వెళ్ళాం. తెర మీద ఆ ఏడాది చివరి రోజు సాయంత్రం దగ్గర ఆగి ఉంది. పద్నాలుగో అంతస్తు, మా కుర్చీలు, కాఫీ మెషీన్ అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. లోపలి నేను కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె బల్ల శుభ్రంగా సర్ది ఉంది. మూడేళ్ళుగా నా బల్ల అంత శుభ్రంగా లేదు. నేను ఆమెను చాలాసేపు చూశాను. మనిషి తన వీపును తాను చూసుకోవడం ఎంత వింతో చెప్పలేను.

"ఆమెకు మెయిల్ వేయొచ్చా?" అని ఖాదర్‌వలీని అడిగాను.

"వేయొచ్చు మేడం. వేసి ఒక్క రోజు నడిపితే చదువుతారు. పది సెకన్లు."

కూర్చుని టైపు చేశాను. 'ఆదివారం గోంగూర, పచ్చిరొయ్యలు. ఆయన వండారు. మనం మూడుసార్లు వేయించుకున్నాం. అమ్మ తినేసిందని మర్నాడు ఇందు అలిగింది.' దానికింద ఫోనులోంచి ఇందు ఫోటో ఒకటి పెట్టాను. పదో తరగతి యూనిఫాంలో, నోట్లో పిన్ను పెట్టుకుని జడ వేసుకుంటోంది. పంపాను.

ఖాదర్‌వలీ మీట నొక్కాడు. లోపల తెల్లవారింది. ఆమె లిఫ్టు దిగి వచ్చింది, కూర్చుంది, మెయిల్ తెరిచింది. ఆ తర్వాత ఆ రోజంతా, మా పది సెకన్లూ, ఆమె లేవలేదు. పని చేయలేదు. తెర మీద ఫోటోకు దగ్గరగా ముఖం పెట్టి కూర్చుంది. ఒకటి, రెండు, మూడు అని నవనీత పైకే లెక్కపెడుతోంది. తొమ్మిదో సెకనులో ఆమె చేతులు కదిలాయి. నా పెట్టెలో జవాబు పడింది.

ఒకే ఒక్క ముక్క రాసింది.

'ఉప్పు సరిపోయిందా?'

ఫోను తీసుకున్నాను, మా ఆయనకు చేద్దామని. వేలు పెట్టి మళ్ళీ తీసేశాను. ఇది ఆయన్ని అడిగి చెప్పే జవాబు కాదు. నా నాలుకకు తెలియాల్సింది, తెలియలేదు. మూడుసార్లు వేయించుకున్న మనిషిని నేనే.

'తెలియదు. వచ్చే ఆదివారం తిని చెప్తాను,' అని రాశాను.

ఖాదర్‌వలీ మీట మీద చెయ్యి వేయబోయాడు.

"ఆగు. ఇప్పుడే వద్దు. ఆదివారం నేను తిన్నాక వాళ్ళకు తెల్లవారాలి."

"అప్పటిదాకా ఇట్లే ఉంచాలంటే కాపలా ఉండాల మేడం."

"నేనుంట అన్నా," అంది నవనీత. చెప్పులు అప్పటికే విడిచి, జతగా గోడవారన పెట్టేసింది.

నాలుగింటికి, ఎండ ఇంకా ఉండగానే, సంచీ భుజాన వేసుకుని లిఫ్టు దగ్గరకు వచ్చాను. ల్యాప్‌టాప్ తీసుకోలేదు. లిఫ్టు తలుపు మూసుకోబోతుంటే కాలు అడ్డం పెట్టి ఆపాను. ఇది ఎక్కితే ఎక్కడ దిగుతానో అని ఒక్క క్షణం నిజంగానే భయమేసింది. ఆ భయం పోవాలంటే ఒకటే దారి. మా ఆయనకు ఫోన్ చేశాను.

"ఏమండీ, ఆదివారానికి రొయ్యలు తెండి. నేను వండుతాను."

"నువ్వా? ఎవరైనా భోజనానికొస్తున్నారా ఏంటి?"

"లేదు," అన్నాను. "ఒక మనిషికి మాటిచ్చాను."